ఆ కుక్కని ఏడిపించకు తమ్ముడూ

తమ్ముడూ,

బాంబులు పసిగట్టే పని చేసి రిటైరైన మిలిటరీ కుక్కని ఓ తెలుగు కుటుంబం తెచ్చుకుని పెంచుకునే నీ కథ అందింది, రెండుసార్లు చదివా. లేటైనందుకు ఏమనుకోకు, కంటి ఆపరేషన్ అయ్యాక ఫోన్లో చదవడం నాకు పెద్ద పనైపోయింది. శాన్ ఆంటోనియోలో ఉంటూ ఆ ఊరి సంగతే రాసినందుకు ముందు సంతోషం, అంత దూరం వెళ్ళి కూడా కోనసీమ కొబ్బరిచెట్ల మీదే రాసేవాళ్ళు ఎక్కువైపోయారు (ఒకప్పుడు నేను చేసిందీ అదే అనుకో). లాక్‌లాండ్ ఎయిర్‌ఫోర్స్ బేస్ మీ ఊళ్ళోనే ఉంది, అమెరికా మిలిటరీ కుక్కలకి ట్రైనింగ్ అక్కడే, రిటైరైన వాటిని జనానికి పెంచుకోడానికి ఇచ్చేదీ అక్కడే. ఇంత మంచి సరుకు గుమ్మం ముందు పెట్టుకుని నువ్వేం చేశావ్? కుక్కని మొదటి పేజీలో ఏడిపించావ్, మూడో పేజీలో ఏడిపించావ్, ఆఖర్న జులై 4న అమెరికా స్వాతంత్ర్య దినం బాణాసంచాకి మంచం కింద దూర్చి మళ్ళీ ఏడిపించావ్. బాణాసంచా సీను ఎవరైనా రాస్తారు, తీసెయ్.

నీ కథలో నాకు నచ్చింది ఒకే ఒక్క చోటు, అది నువ్వు గమనించకుండా రాసేశావనుకుంటా. ఆ తెలుగు వాళ్ళింట్లో కుక్క పూజగది ముందు కదలకుండా కూర్చుంటుంది, ఇంటావిడ "ఎంత భక్తో" అని వీడియో తీస్తుంది. నువ్వు కూడా భక్తి అనే వదిలేశావ్! బాంబులు పసిగట్టే కుక్కకి కూర్చోవడం అంటే ఏంటో తెలుసా, "ఇక్కడుంది" అని చెప్పడం. మొరగదు, గీరదు, వాసన తగిలిన చోట కూర్చుని హ్యాండ్లర్ వైపు, అంటే దాన్ని పట్టుకు నడిపించే సైనికుడి వైపు చూస్తుంది, అతను కాంగ్ అనే రబ్బరు బొమ్మ విసురుతాడు, దాని జీతం అదే. అగ్గిపుల్ల తలలో ఉండేది పొటాషియం క్లోరేట్, ఈ కుక్కలకి నేర్పే వాసనల్లో అదీ ఒకటి. దీపం పక్కన అగ్గిపెట్టె ఉందిగా మరి! అది కూర్చుంది, చెప్పింది, ఒకసారి మూల వైపు ఒకసారి వాళ్ళ చేతుల వైపు చూసింది, వాళ్ళేమో ఫోన్ పట్టుకుని నవ్వుతున్నారు, బొమ్మ రాలేదు. మర్నాడు మళ్ళీ కూర్చుంది. తమ్ముడూ నీ కథ ఇదిరా, యుద్ధం ఫ్లాష్‌బ్యాక్ కాదు.

భయం వేరు, డ్యూటీ వేరు, నువ్వు రెండిటినీ కలిపి కన్నీళ్ళు చేసేశావ్. మా పెదనాన్న రైల్వేలో గేట్‌మన్, రిటైరయ్యాక పదేళ్ళకి కూడా బండి కూత వినపడితే అన్నం ముందు నుంచి లేచేవాడు, పెద్దమ్మ "కూచోండి, గేటు వేరేవాళ్ళు వేస్తారు" అనేది. ఆయనకి బాధేం లేదు, కాళ్ళకి చెప్పేవాళ్ళు లేరంతే.

భయం ఉన్న కుక్కలూ ఉన్నాయి, కాదనను. కొలరాడోలో పీటర్సన్ బేస్‌లో జీనా అని జర్మన్ షెపర్డ్, రెండేళ్ళ వయసులో హుషారుగా ఇరాక్ వెళ్ళింది, అక్కడ తలుపులు బద్దలుకొట్టి చేసే ఇంటింటి సోదాలు, కాన్వాయ్‌లో ఓ బండి పేలిపోవడం, ఇవన్నీ చూసి 2009లో తిరిగొచ్చేసరికి మనిషిని చూస్తే ముడుచుకుపోయేది, బిల్డింగ్‌లోకి రమ్మంటే కాళ్ళు బిగబట్టేసేది. చూశావా, గడప దగ్గర బిగుసుకున్న ఆ నాలుగు కాళ్ళు రాస్తే చాలు, ఇరాక్ నువ్వు చూపించక్కర్లేదు. అది మళ్ళీ మనుషుల్లో పడింది కూడా చిన్నచిన్నగానే, రోజూ నడిపించడం, దారిలో ఎదురయ్యే ఒక్కొక్కరూ ఏదో ఒకటి తినిపించడం. లాక్‌లాండ్‌లో వాల్టర్ బర్గార్ట్ అనే వెటర్నరీ డాక్టరు ఇలాంటివాటికి కుక్కల పీటీఎస్‌డీ (భయంకరమైనవి చూశాక మనసుకి పట్టే జబ్బు) అని వైద్యం చేశాడు, 2011లో లెక్క ఏంటంటే యుద్ధానికెళ్ళిన 650 దాకా కుక్కల్లో 5 శాతం పైచిలుకు. సరే, మరి మిగతా 95? వాటి గురించి ఎవడూ రాయడు, ఎందుకంటే అవి ఏడవవు, పూజగది ముందు కూర్చుంటాయి.

రెండో పేజీ అంతా చట్టాలు, లెక్కలు నింపావ్. 2000లో రాబీ చట్టం వచ్చేదాకా రిటైరైన కుక్క ఇంటికెళ్ళే దారే దాదాపు లేదని, ఏ కుక్క పేరు మీద చట్టం వచ్చిందో ఆ రాబీ మాత్రం ఇంటికి చేరకుండానే పోయిందని, వియత్నాం వెళ్ళిన వేల కుక్కల్లో ఓ రెండొందలే వెనక్కొచ్చాయని. అన్నీ నిజమే, మన ఆర్మీలోనూ 2015 దాకా చంపెయ్యడమే పద్ధతి. ఇవి నీకు తెలిసుండాలి, పాఠకుడికి అప్పజెప్పకూడదు.

చదవాలంటే రెండో ప్రపంచయుద్ధం సంగతులు చదువు. జనం తమ ఇంటి కుక్కల్నే సైన్యానికిచ్చారు, యుద్ధం అయ్యాక వెనక్కి పంపేముందు నేర్పింది మరిపించే ఉల్టా ట్రైనింగ్, ఒక్క హ్యాండ్లర్ కాకుండా మారిమారి వేరే మనుషులు, వింత శబ్దాలు, చుట్టూ సైకిల్ తొక్కుతూ ఒకడు. సైకిల్ చూడు! మెరీన్ దళంలో చివరికి మిగిలిన 559లో 540 ఇళ్ళకి చేరాయి, మార్చలేమని చంపింది నాలుగింటినే. న్యూయార్క్ దగ్గర ప్లెజెంట్‌విల్ నుంచి వెళ్ళిన చిప్స్ అనే కుక్క 1943లో సిసిలీలో మెషిన్‌గన్ గూటి మీద పడింది, సిల్వర్ స్టార్ అనే శౌర్య పతకం ఇచ్చి జంతువుకేంటని మళ్ళీ లాక్కున్నారు, 1945 డిసెంబర్‌లో ఇల్లు చేరి కొన్ని నెలలకే పోయింది. నేనైతే సిసిలీకి ఒక్క లైనిచ్చి మిగతా అంతా ఆ నెలలే రాస్తా.

ఇంకోటి, కుక్కకి టైగర్ అని పేరు పెట్టావ్. లాక్‌లాండ్‌లో పుట్టిన కుక్కపిల్లల పేర్లలో మొదటి అక్షరం ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో రెండుసార్లు వస్తుంది (Ttiger లాగ), పిలిస్తే తెలీదు, కాయితం మీదే కనిపిస్తుంది. ఎడం చెవిలో నంబరు పచ్చబొట్టు కూడా ఉంటుంది. నీ కథలో ఆరేళ్ళ పాప ఉంది కదా, చెవి తిప్పి చూసేది ఆ పాపే అవ్వాలి, నాన్నని అడిగితే ఆయనా చెప్పలేడు. బొమ్మ ఎవరిస్తారో నేను చెప్పను, పాపే అని మాత్రం తొందరపడి రాసెయ్యకు.

మీ వీధిలో రిటైరైన కుక్కని తెచ్చుకున్న పెద్దాయనున్నాడన్నావ్, వెళ్ళి ఓ గంట కూర్చో, ఏం అడక్కు, అది ఎక్కడెక్కడ కూర్చుంటుందో చూసి నెలాఖరుకి కథ పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు.

మీ అన్నయ్య