టీఎస్‌హెచ్ నార్మల్... గొంతులో గడ్డకు మాత్రలు వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 41. మెడ ముందు కాస్త వాపుగా ఉంటే స్కానింగ్ తీయించాను. థైరాయిడ్ కుడివైపు 1.8 సెంటీమీటర్ల గడ్డ ఉందని, టీఐ-రాడ్స్ 3 అని రాశారు. టీఎస్‌హెచ్ 2.3 ఉంది. నొప్పి లేదు. గడ్డ కరగడానికి థైరాయిడ్ మాత్ర వాడమని ఒకరు, ఆపరేషన్ చేయించుకోమని మరొకరు అంటున్నారు. క్యాన్సరేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి? - ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడు మీకు మాత్ర, ఆపరేషన్ రెండూ అక్కర్లేదు. థైరాయిడ్ గడ్డల్లో నూటికి 90కి పైగా క్యాన్సర్ కానివే.

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ పనితీరు చూసే రక్తపరీక్ష. అది నార్మల్‌గా ఉందంటే గ్రంథి సరిగా పనిచేస్తోందని అర్థం. గడ్డ ఎలాంటిదో మాత్రం అది చెప్పదు, స్కానింగే చెప్పాలి. టీఐ-రాడ్స్ అంటే స్కానింగ్‌లో కనిపించిన తీరును బట్టి గడ్డకు ఇచ్చే గ్రేడు. మీ రిపోర్టులోని 3 అంటే క్యాన్సర్ అనుమానం తక్కువని. ఈ రకం గడ్డకు 2.5 సెంటీమీటర్లు దాటితేనే సూది పరీక్ష (ఎఫ్ఎన్ఏసీ) అడుగుతాం. 4 లేదా 5 అని ఉంటే ఇంకా చిన్న సైజులోనే చేయిస్తాం. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో చాలామంది వాయిదా వేస్తారు. అవసరమైనప్పుడు దయచేసి అలా చేయకండి.

మాత్ర సంగతి గట్టిగా చెప్పాలి. హార్మోన్ సరిపడా ఉన్నవారికి గడ్డ కరిగించడానికని లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) ఇవ్వడం ఒకప్పటి పద్ధతి. దానివల్ల గడ్డ తగ్గేది స్వల్పం, మందు ఆపితే మళ్లీ పెరుగుతుంది. ఈలోగా ఒంట్లో హార్మోన్ ఎక్కువై గుండెదడ, గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం వంటివి రావచ్చు. నెలసరి ఆగే వయసుకు దగ్గరవుతున్న మీకు ఎముకల నష్టం మరీ ముఖ్యం.

ఏడాది తర్వాత మళ్లీ స్కానింగ్ తీయించండి. వీలైతే అదే సెంటర్‌లో, పాత రిపోర్టు చూపించి. మార్పు లేకపోతే మూడో ఏడు, ఐదో ఏడు చూస్తే చాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానక్కర్లేదు. అయోడిన్ ఉప్పు మామూలుగా వాడండి, విడిగా అయోడిన్ మందులు వద్దు. జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటుంటే రక్తపరీక్షకు రెండు రోజుల ముందు ఆపండి, లేదంటే ఫలితం తప్పుగా రావచ్చు.

గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మింగడం కష్టమైనా, పడుకుంటే ఊపిరాడకపోయినా, గడ్డ త్వరగా పెరిగినా, మెడ పక్కన మరో గడ్డ తగిలినా ఏడాది ఆగకుండా ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టర్‌ను) కలవండి. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, చిన్నప్పుడు మీ మెడకు రేడియేషన్ ఇచ్చి ఉన్నా ఆ మాట ముందే చెప్పండి.