క్రిప్ట్ ఆకులు కరగడం, జావా ఫెర్న్ కుళ్లడం, అద్దాలకు పాచి

రెండడుగుల అక్వేరియం ట్యాంకు పెట్టి 3 వారాలైంది, లైటు రోజుకు 12 గంటలు వేస్తున్నాను, క్రిప్ట్, జావా ఫెర్న్ అనే నీటిమొక్కలు పాడవుతున్నాయి, అద్దాలకు పాచి పడుతోంది అన్నారు. మీరు చెప్పినవి మూడూ వేర్వేరు సమస్యలండీ, ఒకే మందుతో పోవు.

క్రిప్ట్‌ను (క్రిప్టోకొరైన్) పీకెయ్యకండి. నర్సరీల్లో దాన్ని ఎక్కువగా నీటి పైన పెంచుతారు. నీట మునిగాక పాత ఆకులు వదిలేసి కొత్తవి వేస్తుంది. కరిగినవాటిని మొదలు దాకా కత్తిరించి తీసెయ్యండి, లేకపోతే కుళ్లి అమ్మోనియా పెంచుతాయి. వేరు గట్టిగా ఉంటే కొన్ని వారాల్లో చిగురు వస్తుంది. ఈలోగా చోటు మార్చారో, మళ్లీ మొదటికే. ఇది వేళ్లతో మేత తీసుకునే మొక్క, ఉత్త ఇసుక చాలదు. వేరు పక్కన రూట్ ట్యాబ్ (ఎరువు బిళ్ల) ఒకటి లోతుగా గుచ్చండి.

జావా ఫెర్న్‌ది మాత్రం నాటడంలో పొరపాటు. ఆకులు పుట్టే ఆ లావు అడ్డకాడను ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది. పైకి తీసి, మెత్తబడ్డ భాగం కోసేసి, మిగిలినదాన్ని రాయికి నూలుదారంతో కట్టండి.

పాచి లైటు వల్లే. టైమర్ పెట్టి 6 గంటలకు దించండి. కిటికీ ఎండ పడుతుంటే అదీ ఆపాలి. వారానికోసారి 30 శాతం నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే కండిషనర్ తప్పదు. బోరునీళ్లు కాస్త కఠినంగా ఉన్నా ఈ రెండు మొక్కలూ తట్టుకుంటాయి, దానికోసం ఆర్‌ఓ నీళ్లు కొనక్కర్లేదు.

చేపలంటారా, నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌లో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే వదలండి.