ఎడారి రోడ్డు మీద ఎగ్జిట్ తీసుకోమని, ఒక యువ రచయితకు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. లాస్ ఏంజెలెస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కు చేసిన ప్రయాణం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కాన్యన్ అంచున నిలబడి రాసిన పుటలు బాగున్నాయి. వాటి గురించి నేను చెప్పవలసింది పెద్దగా లేదు. ఆ లోయ ఎవరిచేతనైనా నాలుగు మంచి వాక్యాలు రాయిస్తుంది. నేను ఆగిపోయింది అంతకుముందున్న చోట. బార్‌స్టోలో ఐ-40 (ఇంటర్‌స్టేట్ అనే జాతీయ రహదారుల్లో 40వ నంబరుది) ఎక్కింది మొదలు కొలరాడో నది దాటేదాకా సాగిన నూట యాభై పైచిలుకు మైళ్ళను నువ్వు ఒకే వాక్యంలో తేల్చేశావు: "ఎటు చూసినా ఇసుక తప్ప ఏమీ లేదు." ఈ ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

ముందు ఇసుక సంగతి. ఎడారి అనగానే ఇసుకతిన్నెలు రాయడం మన కలాలకు పట్టిన పాత అలవాటు. మొహావీ ఎడారిలో ఇసుకతిన్నెలు లేకపోలేదు గానీ, నీ కారు కిటికీలోంచి కనిపించింది చాలావరకు గులకరాళ్ళ నేల, ఆ నేల మీద నడుమెత్తున పెరిగిన క్రియోసోట్ పొదలు. ఎవరో కొలిచి నాటినట్టు అవి ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. వాన పడిన రోజున ఆ ఆకుల నుంచి లేచే ఘాటైన వాసననే అక్కడివాళ్ళు ఎడారి వాసన అంటారు. హెక్టర్ రోడ్డు ఎగ్జిట్ (హైవే దిగే దారి) పరిసరాల్లో గడ్డకట్టిన నల్లటి లావా రోడ్డుకు దగ్గరగానే పరుచుకుని ఉంటుంది. దాన్ని దాటి వచ్చి కూడా ఇసుక అని రాశావంటే, చూసింది పక్కనపెట్టి ఎక్కడో చదివింది రాశావన్నమాట.

అయినా నీకు ఏమీ లేదనిపించడం అబద్ధం కాదు. అలా అనిపించేటట్టే ఆ రోడ్డు కట్టారు, నీ వ్యాసానికి అసలు విషయం అక్కడే ఉంది. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో ఊపందుకున్న ఇంటర్‌స్టేట్ నిర్మాణంలో మూల సూత్రం ఒకటే: నియమించిన చోట తప్ప మరెక్కడా ఎక్కడానికి గానీ దిగడానికి గానీ వీలుండకూడదు. ఇంటి గుమ్మం రోడ్డు మీదికి తెరుచుకోదు, అడ్డరోడ్డు వచ్చి కలవదు, రోడ్డు హద్దుల లోపల గ్యాస్ స్టేషన్ (పెట్రోలు బంకు) గానీ హోటలు గానీ పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే ఎడారిలోని రెస్ట్ ఏరియాలో మరుగుదొడ్లు, నీడకు నాలుగు పైకప్పులు, చిరుతిళ్ళ మెషీన్లు తప్ప వంట వాసన తగలదు. మనుషుల బతుకంతా ఎగ్జిట్ ర్యాంపుకు అవతలే జరుగుతుంది. డెబ్బై మైళ్ళ వేగంతో పోయేవాడికి అది ఒక ఆకుపచ్చ బోర్డు మీద ఊరి పేరుగా, నీలం బోర్డు మీద గ్యాస్, భోజనం, బస గుర్తులుగా కొన్ని క్షణాలు కనబడి వెనక్కి పోతుంది.

ఇక ఆ బోర్డుల మీద అంకెలు చూడు. ఎగ్జిట్ నంబర్లు కాలిఫోర్నియాలో ఆలస్యంగా, 2002లో మొదలయ్యాయి గానీ, అవి వరస సంఖ్యలు కావు, మైళ్ళ లెక్క. లడ్లో ఎగ్జిట్ 50, కెల్‌బేకర్ రోడ్డు 78, ఎసెక్స్ రోడ్డు 100, గాఫ్స్ రోడ్డు 107. అంటే లడ్లో దాటాక తరువాతి ఎగ్జిట్‌కు 28 మైళ్ళు; అక్కడ దిగినా దొరికేది రోడ్డే తప్ప బంకు కాదు. మధ్యలో మనసు మారినా వెనక్కి తిరిగే దారి లేదు. నువ్వు "భయం వేసింది" అని రాసిన చోట ఈ అంకెలు ఉంటే భయం అన్న మాటే అక్కర్లేదు. గ్యాస్ ముల్లు సగానికి దిగిన కారులో కూర్చుని చదివే పాఠకుడు తీసివేత తనే చేసుకుంటాడు.

పాత రోడ్డు, అంటే 1926లో నంబరు పడిన రూట్ 66, ఇలా ఉండేది కాదు. లడ్లో దగ్గర దక్షిణానికి వంగి, రైలు పట్టాలను అంటిపెట్టుకుని, ఊరూరా తిరుగుతూ పోయేది. ఆ దారిలో అంబాయ్ అనే ఊరిలో రాయ్ క్రౌల్ 1938లో సర్వీసు స్టేషన్ తెరిచాడు. తరువాత దానికి కాఫీ హోటలు, అద్దె గదులు తోడయ్యాయి, 1959లో దూరానికి కనిపించే పెద్ద సైన్‌బోర్డు లేచింది. ఎండకు రేడియేటర్లు మరిగి ఆగిపోయిన కార్లే ఆ ఊరికి పంట. 1973లో ఐ-40 ఉత్తరంగా కొండల మీదుగా తెరుచుకుంది, బండ్ల రాకపోకలు అటు మళ్ళిపోయాయి. ఊరి దీపాలు ఆరిపోవడానికి కరువు గానీ వరద గానీ కారణం కాదు, రోడ్డు కొన్ని మైళ్ళు అవతలికి జరగడమే కారణం. ఆ సైన్‌బోర్డును బాగుచేసి మళ్ళీ వెలిగించింది 2019లో.

ఆ కొత్త రోడ్డు కొండలను దాటిన కథ నీ వ్యాసంలో లేకపోవడం నాకు నిజంగా లోటు అనిపించింది. బ్రిస్టల్ పర్వతాల గుండా రోడ్డుకు, శాంటా ఫే రైలుమార్గానికి కలిపి దారి చెయ్యడానికి 22 అణుబాంబులు పేల్చాలని 1963లో ఒక పథకం వేశారు. అది ఎవరో పనిలేనివాళ్ళ ఊహ కాదు, రాష్ట్ర రహదారుల శాఖ, అణుశక్తి సంఘం, రైల్వే కంపెనీ కూర్చుని అధ్యయనం చేసిన ప్రతిపాదన. దానికి క్యారీఆల్ అని పేరు కూడా పెట్టారు. చివరికి మానుకుని మామూలు పద్ధతుల్లోనే కొండ తొలిచారు. ఏమీ లేని చోటు కనుక ఏం చేసినా ఫరవాలేదన్న ధైర్యం లేకపోతే అలాంటి ఆలోచన కాగితం దాకా వచ్చేదా? నీ వాక్యం, ఆ ఇంజనీర్ల నివేదిక ఒకే చూపులోంచి పుట్టాయని అనడం నీకు కఠినంగా తోచవచ్చు, అయినా అనక తప్పదు.

రైలు సంగతి కూడా తెలుసుకుని రాయి, ఎందుకంటే ఆ దారిని ముందు గీసింది రైలే. 1883లో పట్టాలు వేసినప్పుడు లూయిస్ కింగ్‌మన్ అనే ఇంజనీరు స్టేషన్లకు అక్షరక్రమంలో పేర్లు పెట్టుకుంటూ పోయాడు: అంబాయ్, బ్రిస్టల్, కాడిజ్, డాన్‌బీ, ఎడ్సన్ (ఇప్పటి ఎసెక్స్), ఫెన్నర్, గాఫ్స్. ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి జీ దాకా వరసగా వస్తాయి. ఆవిరి ఇంజన్లకు దారిలో నీళ్ళు కావాలి కనుక నీళ్ళు లేని చోటికి కూడా నీళ్ళు మోసుకొచ్చి స్టేషన్ నిలబెట్టారు. అరిజోనాలో నువ్వు రాత్రి బస చేసిన కింగ్‌మన్ ఊరు ఆయన పేరిటిదే. ఆ హోటలు గదిలో వైఫై రాలేదని నువ్వు ఒక పేరా రాశావు. ఆ పేరా తీసేసి ఈ స్టేషన్ల వరస పెట్టినా నష్టం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత రోడ్డు మంచిది, కొత్త రోడ్డు చెడ్డది అన్న పాట పాడకు. ఆ పాట అమెరికాలో ఇప్పటికే చాలామంది పాడేశారు, సావనీర్ దుకాణాల్లో కప్పుల మీద అచ్చువేసి అమ్ముతున్నారు కూడా. గాఫ్స్‌ను చూడు. 1914లో కట్టిన బడి ఉన్న ఊరు అది. దాన్ని 1931లోనే పక్కన పడేసింది ఇంటర్‌స్టేట్ కాదు, దారి సూటిగా మార్చుకున్న రూట్ 66. ఆ బడిని తరువాత బాగుచేసి మ్యూజియంగా నిలుపుకున్నారు. రైలు కంటే, రోడ్డు కంటే ముందునుంచీ కొలరాడో ఒడ్డున మొహావీ జాతివాళ్ళు పంటలు పండించుకుంటూ ఉన్నారు. ఇప్పటికీ వాళ్ళకు కేటాయించిన నేల, అంటే రిజర్వేషన్, నది ఒడ్డున ఉన్న నీడిల్స్ ఊరి చెంతనే ఉంది. వాళ్ళ దృష్టిలో ఈ దారులన్నీ నిన్న మొన్న వచ్చినవే. కాబట్టి ఊళ్ళు చచ్చిపోయాయని విలపించే ముందు, ఎవరి ఊళ్ళు, ఎప్పటి ఊళ్ళు అని ఒకసారి ఆలోచించు.

మళ్ళీ వెళ్ళినప్పుడు లడ్లోలో దిగు. గ్యాస్ నింపించుకుని వచ్చెయ్యడానికి కాదు, ఒక గంట ఉండడానికి. ర్యాంపు దగ్గరి గ్యాస్ స్టేషన్లు, ఐస్‌క్రీమ్ దుకాణం దాటి పాత రోడ్డు పక్కకు నడిస్తే, ఒకప్పుడు ఇక్కడ మూడు రైలు దారులు కలిసేవంటే నమ్మబుద్ధి కాదు. వాటిలో ఒకటి టోనోపా అండ్ టైడ్‌వాటర్. డెత్ వ్యాలీ వైపు నుంచి బోరాక్స్ అనే ఖనిజం మోసుకొచ్చేది, 1940లో ఆగిపోయింది. బంకు దగ్గర నిలబడి చిన్నవి చూడు: అద్దాలు తుడిచే బ్రష్షు ఉంచిన బకెట్‌లో నీళ్ళు సగం ఆవిరైపోయి సబ్బు గట్టు కట్టి ఉంటుంది; ట్రక్కుల ముందు గ్రిల్లులో రాత్రి చచ్చిన పురుగులు ఎండి అతుక్కుని ఉంటాయి; నీడ ఉన్నంత మేర మాత్రమే మనుషులు నిలబడతారు, నీడ జరిగితే వాళ్ళూ జరుగుతారు. హైవే కంచె వెంట కొన్నిచోట్ల మోకాలికి అందని ఎత్తులో సన్నని ఇనుప జాలి కనిపిస్తుంది. అది ఎడారి తాబేళ్ళు రోడ్డెక్కకుండా వేసినది. 1990లో ఆ జీవిని ముప్పున్న జీవుల కేంద్ర జాబితాలో చేర్చారు. ఏమీ లేని చోట ఆ జాలి ఎవరికోసం వేశారో నీ పాఠకుడు అడగాలి.

గల్లా దగ్గర కూర్చున్న మనిషితో మాట్లాడు గానీ, ఆమెను ఒంటరితనానికి ప్రతినిధిని చెయ్యకు. ఆమె ఎక్కడినుంచి పనికి వస్తుంది, నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, పిల్లలు ఏ బడికి పోతారు అన్నవి ఒంటరితనం కంటే మంచి ప్రశ్నలు. ఆ రోడ్డు మీద ట్రక్కులు నడిపేవాళ్ళలో పంజాబీలు చాలామంది, ఐ-40 వెంట పలుచోట్ల వాళ్ళకోసం ధాబాలు వెలిశాయి. మనవాళ్ళు వేగస్‌కో కాన్యన్‌కో పోతూ పరోటా దొరికిందని ఫోటో తీసుకుని వచ్చేస్తారు. ఆ బల్ల దగ్గర పదినిమిషాలు ఎక్కువ కూర్చుంటే, ఓడరేవులో సరుకు ఎత్తుకుని ఓక్లహోమా దాకా ఒక్కడే పోయే మనిషి నోటి నుంచి ఆ రోడ్డు గురించి వినవచ్చు. హిందీ కాస్తో కూస్తో వచ్చిన తెలుగువాడికి అక్కడ దొరికే సౌలభ్యం మిగతా యాత్రికులకు దొరకదు. దాన్ని వదులుకోకు.

ఇంకొకటి. నువ్వు రెండుచోట్ల అనంతపురం జిల్లాను తెచ్చావు. అక్కడ పుట్టినవాడివి కనుక గుర్తురావడం సహజమే, కానీ వ్యాసంలో ఆ రెండు పోలికలూ మొహావీని చూడకుండా కళ్ళు మూసేశాయి. బైపాస్ వేస్తే పాత రోడ్డు మీది టీకొట్లు ఏమవుతాయో తెలుగు పాఠకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు, సూర్యాపేట దాకా పోయి వచ్చినవాడికి తెలుసు. ఆ పని అతనికే వదిలిపెట్టు.

చివరగా దిద్దవలసిన చిన్న విషయాలు. పాత రోడ్డు మీద వంతెనలు వరదలకు దెబ్బతిని కొన్ని భాగాలు మూసేస్తుంటారు. వెళ్ళే ముందు కనుక్కో, లేకపోతే అంబాయ్ చేరడానికి వచ్చిన దారినే తిరగవలసి వస్తుంది. టోపాక్ దగ్గర నది దాటుతున్నప్పుడు పక్కన కనిపించే తెల్లటి కమాను వంతెనను నువ్వు "పాడుబడ్డ వంతెన" అన్నావు. 1916లో కట్టిన ఆ వంతెన మీద కార్లు పోవడం మానేశాయి గానీ, ఇప్పుడది సహజవాయువు పైపులైను మోస్తోంది, పాడుబడలేదు. ఇక "వంతెన దాటగానే ఒక గంట పోగొట్టుకున్నాం" అన్న వాక్యం కొట్టెయ్యి. అరిజోనాలో నవాహో తెగవాళ్ళ ప్రాంతం తప్ప మిగతా రాష్ట్రం వేసవికి గడియారాలు మార్చదు కనుక, నువ్వు వెళ్ళిన జూలైలో నదికి అటూ ఇటూ ఒకే సమయం.

నీడిల్స్ మీద రాయబోయే పుటలు పూర్తయ్యాక తిరిగి పంపు. ఈసారి కాన్యన్ పుటలు పంపకపోయినా ఫరవాలేదు.

శుభాకాంక్షలతో,
నీ అన్నయ్య