టెక్ సందేహాలు: యాప్‌లో గ్రే, గోడ మీద నీలం

ప్రశ్న: ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు లోపల రంగులు వేయిస్తున్నాం. పెయింట్ యాప్‌లో హాలు ఫొటోకి లేత గ్రే పెట్టి చూస్తే చక్కగా ఉంది. అదే షేడ్ శాంపిల్ గోడకి వేస్తే నీలంగా కనిపిస్తోంది. దేన్ని నమ్మాలి?

జవాబు: గోడనే. యాప్ రంగు పూసేది మీ ఫొటో మీద. ఆ ఫొటోలోని వెలుగును కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే ఏర్పాటు) అప్పటికే సరిదిద్దేసి ఉంటుంది. గ్రేలో దాగిన నీలం ఛాయ చిన్న స్క్రీన్ మీద తెలియదు, గోడంతా పరుచుకుంటే బయటపడుతుంది.

అలాగని యాప్ దండగ కాదు, వంద షేడ్లను మూడుకు తగ్గించుకోవడానికి పనికొస్తుంది. ఫోన్‌లో స్క్రీన్ రంగును మార్చే నైట్ లైట్, ట్రూ టోన్ లాంటివి ఆపేయండి. పగలు, బల్బులన్నీ ఆర్పి ఫొటో తీయండి. కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగ్‌లు మనమే మార్చుకునేది) ఉంటే వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టండి. కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత: అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు పోతుంది.

తర్వాతి పని ఫోన్‌తో కాదు. రెండడుగుల తెల్ల బోర్డు మీద, చుట్టూ అంచు వదిలి, రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వండి. తడి రంగును చూసి నిర్ణయించొద్దు. శాంపిల్ నేరుగా గోడకి వేస్తే పక్కనున్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది. మీ పాత గోడ పసుపో, క్రీమో అయితే గ్రే నీలంగా కనిపించడానికి అదొక్కటే చాలు. బోర్డును కిటికీ పక్కన, ఎదుటి గోడ మీద, రాత్రి బల్బు కింద పెట్టి చూడండి.

రెండో అనుమానం బల్బు మీద. 6500 కెల్విన్ బల్బులు గ్రేను నీలం వైపు లాగుతాయి. షేడ్ మార్చే ముందు బల్బులు మార్చి చూడండి: 3000 నుంచి 4000 కెల్విన్ మధ్య, గదంతా ఒకే రకం, సీఆర్ఐ (బల్బు వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90కి తగ్గకుండా. ఒకే గదిలో రెండు రకాలుంటే ఏ కెమెరా కూడా రంగు సరిగా పట్టలేదు. కొనేవాళ్లు ముందు చూసేది ఫొటోలే కదా.

షేడ్ వివరాల్లో ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఉంటుంది. వెలుగును ఎంత తిప్పి పంపుతుందో చెప్పే కొలత అది: 0 నలుపు, 100 తెలుపు. అమ్మే ఇంటికి 60–75 మధ్య ఉన్న వెచ్చని ఆఫ్‌వైట్ గానీ, బీజ్ కలిసిన గ్రే గానీ నా ఎంపిక. ముదురు ఎరుపో, పచ్చో వేసిన గోడ తన ఛాయను సీలింగ్ మీదికీ చిమ్ముతుంది, అది ఫొటోలో దాగదు. హాలుకి మ్యాట్ ఫినిష్ వేయించండి. మెరుపు ఫినిష్‌లో పుట్టీ ఎత్తుపల్లాలు, టచప్ మచ్చలు ఇట్టే కనబడతాయి.

ప్రశ్న: వేరే ఇంట్లో నచ్చిన గోడను ఫొటో తీసి, హెక్స్ కోడ్ (స్క్రీన్ మీది రంగుకి ఇచ్చే కోడ్) ఇస్తే అదే రంగు కలుపుతారా?

జవాబు: కుదరదు. ఆ కోడ్ గోడది కాదు, ఆ క్షణంలో పడ్డ వెలుగుతో కలిపి కెమెరా రాసుకున్నది. అదే గోడను సాయంత్రం తీస్తే ఇంకో కోడ్ వస్తుంది. ఆ ఇంటివాళ్ల దగ్గర మిగిలిన డబ్బా మీద షేడ్ కోడ్ ఉందేమో అడగండి. లేకపోతే స్విచ్‌బోర్డు వెనక నుంచి, మెయిన్ ఆపేశాక, బొటనవేలి గోరంత పెచ్చు తీసుకెళ్తే రంగును కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్ యంత్రం ఉన్న షాపులో కొలిచి దగ్గరి షేడ్ చెబుతారు. డబ్బా మీది కోడ్ దొరికినా, అదే కంపెనీ, అదే ఫినిష్ బేస్‌లో (రంగులు కలిపే మూల పెయింట్‌లో) కలిపితేనే రంగు కలుస్తుంది.