తూము దించని మంట

అమలాపురం.

తమ్ముడూ,

నీ కథ అందింది. 1968 ఏప్రిల్ 8న లండన్ హీత్రూలో కాలిపోయిన, బ్రిటన్ విమాన సంస్థ బీఓఏసీ వాళ్ల 712 విమానం మీద రాశావు. ఎంచుకున్న సంగతి గట్టిదే. కానీ "ఇంజన్ పేలింది, విమానం తగలబడింది" అని ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు కథంతా ఆ రెండు ముక్కల మధ్యే ఉంది.

ముందు ఇంజన్ దగ్గర నిలబడు. బోయింగ్ 707కి నాలుగు ఇంజన్లు. పైలట్‌కి ఎడమవైపు చివరిది ఒకటో నంబరు, దాని లోపలిది రెండు. ఆ రెండోదాంట్లో హై ప్రెషర్ కంప్రెసర్, అంటే లోపలికొచ్చిన గాలిని గట్టిగా నొక్కే భాగం, దాని ఐదో చక్రం విరిగింది. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట పుటుక్కున తెగుతుంది చూడు, లోహం అలిసిపోవడమంటే అదే. చిన్న రెక్క ఊడితే ఇంజన్ తొడుగు ఆపుకుంటుంది. చక్రమే ముక్కలైతే ఆ విసురుకి తొడుగు ఆగదు. "పేలింది" అని రాస్తే పాఠకుడు బాంబు అనుకుంటాడు.

ఇక ఇంధనం. దీన్ని మన డెల్టా వాళ్లకి వేరే చెప్పాలా? బోదెకి గండి పడితే ముందు పైన తూము దించుతాం. అది దించకుండా ఎన్ని మట్టి బస్తాలు వేసినా కొట్టుకుపోతాయి. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. కింద నుంచి గ్యాస్ తన్నుకొస్తున్నంతకాలం ఆ మంటకి మేతే. విమానంలో ఆ తూము పని చేసేది ఫైర్ హ్యాండిల్. లాగితే ఆ ఇంజన్‌కి ఇంధనం వెళ్లే వాల్వ్ మూసుకుంటుంది. ఆరోజు దాన్ని లాగలేదు. ట్యాంకుల్లో బూస్టర్ పంపులు ఇంధనాన్ని తోస్తూనే ఉన్నాయి. కాసేపటికి ఇంజన్ రెక్క నుంచి ఊడి కిందపడింది, అయినా మంట రెక్కని వదల్లేదు.

ఎందుకు లాగలేదు? నీ కథకి గుండె ఇక్కడుంది, ఇక్కడ తొందరపడకు. కెప్టెన్ మొదట ఇంజన్ ఆగిపోయినప్పటి డ్రిల్, అంటే వరసగా చెయ్యాల్సిన పనులు, చెయ్యమన్నాడు. ఇంజన్ జోరు తగ్గించే పిడి, థ్రాటిల్, వెనక్కి లాగేసరికి, చక్రాలు దించలేదని హెచ్చరించే హారన్ మొదలైంది. ఇద్దరి చేతులు దాన్ని ఆపడానికి వెళ్లాయి. అదే క్షణంలో కో-పైలట్ అలవాటుగా పొరపాటున మంటని హెచ్చరించే గంటని ఆపాడు. ఫ్లైట్ ఇంజనీర్ చెయ్యి హ్యాండిల్ దాకా వెళ్లింది గానీ లాగలేదు. ఆ తర్వాత మంట డ్రిల్ అన్నారు. సగం చేసిన పని మధ్యలో ఇంకో పని మొదలైంది. నువ్వు ఆ ఇంజనీర్‌ని "నిర్లక్ష్యపు మనిషి" అన్నావు, ఆ మాట కొట్టెయ్. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి, ఏ చెయ్యి ఎప్పుడు ఎక్కడుందో రాసుకో. వాక్యాలు వాటంతటవే వస్తాయి. ఈ ప్రమాదం తర్వాత ఆ సంస్థ ఆ రెండు డ్రిల్లులనీ ఒక్కటి చేసింది; అదీ చెప్పు.

పైకి లేచిన నాలుగు నిమిషాల్లోపే దిగారు. ఆగాక కూడా ఇంధనం పంపులు ఆపలేదు. 127 మందిలో ఐదుగురు పోయారు. వాళ్లలో స్టూవర్డెస్ బార్బరా జేన్ హారిసన్ ఒకరు, వయసు 22. వెనక తలుపు దగ్గర, ప్రయాణికులు కిందికి జారి దిగే జారుడు సంచి మెలిపడింది. సరిచెయ్యడానికి తోటి స్టూవర్డ్ కిందికి దిగాడు, తిరిగి ఎక్కలేకపోయాడు. ఆవిడ ఒక్కతే ప్రయాణికుల్ని బయటికి తోస్తూ నిలబడింది. బ్రిటన్ ఆమెకి మరణానంతరం జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చింది. "దేవత" అన్న మాట తీసెయ్. ఆ మెలిపడ్డ సంచినీ, ఆ గుమ్మాన్నీ, వెనక్కి తిరిగిన ఆమె భుజాన్నీ చూపించు, చాలు.

రెండో ప్రతి కాక్‌పిట్‌లో మొదలుపెట్టి రాయి. నెలాఖరులోగా పంపు, గీతలు పెట్టి తిరిగిస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య