మా ఆయన ఉద్యోగం మానేసి మారథాన్ అంటున్నారు, ఏం చేయను?

చెల్లీ, మీరు రాసింది ఇదీ. మీ వారికి 31 ఏళ్ళు, ప్రైవేట్ బ్యాంకులో రిజైన్ చేసేసి ఇంటికొచ్చాక మీకు చెప్పారు, ఫుల్ మారథాన్ 2 గంటల 48 నిమిషాల్లో పూర్తి చేశా కాబట్టి ఇక ప్రొఫెషనల్ రన్నర్ అవుతానంటున్నారు. మూడేళ్ళ పాప, ఇంటి ఈఎంఐ, ఈలోగా మీ గాజులు గోల్డ్ లోన్‌కి వెళ్ళాయి, అత్తగారేమో "తాగి పడట్లేదు కదమ్మా, పరిగెత్తుతున్నాడు, దానికే ఇంత గొడవా" అంటారు. కోపం పట్టలేక మీరు ఆయన షూస్ తీసి అటక మీద పడేశారు.

ముందు ఆ షూస్ దించేయండి. అవి పైన ఉన్నంతకాలం గొడవంతా వాటి గురించే నడుస్తుంది, అసలు విషయం పక్కకి పోతుంది.

42 కిలోమీటర్లు 2:48లో అంటే మామూలు విషయం కాదు, ఏళ్ళ తరబడి తెల్లారుజామునే లేస్తే తప్ప రాదు, ఆ మాట మీ నోటి నుంచి ఆయన ఒక్కసారైనా విన్నారో లేదో నాకు డౌటే. కానీ అది బతుకుతెరువు అయ్యే టైమ్ మాత్రం కాదు. శివ్‌నాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2:12కి పరిగెత్తారు, నలభై ఏళ్ళకు పైగా మన దేశంలో దాన్ని ఎవరూ దాటలేకపోయారు. ఆయన ఫినిష్ లైన్ దాటేసరికి మీ వారికి ఇంకా 9 కిలోమీటర్లు మిగిలుంటాయి, లెక్క వేసి చూడమనండి. పోనీ అంత బాగా పరిగెత్తినవాళ్ళైనా దాని మీదే బతికారా? శివ్‌నాథ్ సింగ్ ఆర్మీ, రియో ఒలింపిక్స్‌లో 25వ స్థానంలో వచ్చి 2017లో ఏషియన్ మారథాన్ గెలిచిన గోపి కూడా ఆర్మీనే. నెలనెలా జీతం, తిండి, కోచ్ అన్నీ అక్కడే దొరుకుతాయి కాబట్టి వాళ్ళు పరిగెత్తగలిగారు. మీ వారికి ఆర్మీలో చేరే వయసు ఎప్పుడో దాటిపోయింది. పైగా గట్టిగా పరిగెత్తేవాళ్ళలో చాలామంది ఏడాదికి రెండు మూడు ఫుల్ మారథాన్‌లకి మించి చేయరు, ఒళ్ళు సహకరించదు, ప్రైజ్ మనీ ముందొచ్చిన కొద్దిమందికే, మరి మిగతా నెలల ఈఎంఐ ఎవరు కడతారు?

జపాన్‌లో కవౌచి అని ఒకాయన ఉన్నారు, ఆయన గురించి మీ వారికి తెలిసే ఉంటుంది. సైతామాలో ప్రభుత్వ స్కూల్ ఆఫీసులో గుమాస్తా పని, పొద్దున ప్రాక్టీస్, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా డ్యూటీ. అలా ఉద్యోగం చేస్తూనే 2018లో చలిలో వానలో బోస్టన్ మారథాన్ గెలిచారు, ఆ తర్వాతి ఏడాదే ఉద్యోగం వదిలారు. ఏది ముందు ఏది వెనక అన్నది మీ వారినే చూడమనండి.

అయితే నాకు ఇంకో అనుమానం ఉంది. మీ ఉత్తరంలో ఆఫీసు గురించి ఒక్కటే మాట ఉంది, "టార్గెట్లు అని రాత్రిళ్ళు నిద్రపోయేవారు కాదు" అని. బహుశా ఆయన పారిపోయింది దాన్నుంచే అయ్యుంటుంది, మారథాన్ అనేది బయటికి గౌరవంగా చెప్పుకోడానికి దొరికిన కారణం. కాబట్టి "ఎందుకు మానేశావ్" అని కాకుండా "అక్కడ ఏం జరిగింది" అని అడగండి, అదీ ఆదివారం లాంగ్ రన్ చేసి వచ్చి కాళ్ళు పట్టేసి కూర్చున్నప్పుడు వద్దు, పాప పడుకున్నాక. ఇప్పటికీ నిద్ర లేదంటే సైకాలజిస్ట్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి.

డబ్బు దగ్గర మాత్రం మెత్తబడొద్దు. జనవరిలో ముంబై మారథాన్ దాకా టైమ్ ఇస్తాను, కానీ ఈలోగా టార్గెట్ల గోల లేని ఉద్యోగం ఏదో ఒకటి చూసుకోవాలి, మిగిలిన బంగారం జోలికి రాకూడదు అని అత్తగారి ముందే చెప్పండి. బీఈడీ చేసి ఇంట్లో ఉన్నానని రాశారు, ఆయన ఏ నిర్ణయం తీసుకున్నా సరే దగ్గర్లో ఉన్న స్కూళ్ళలో మీ బయోడేటా ఈ వారమే ఇచ్చి రండి.