నెయ్యార్ డ్యాం ఆశ్రమానికి వెళ్లబోతున్న అమ్మాయికి

చి॥ల॥సౌ॥ అమ్మాయికి పెద్దమ్మ దీవించి వ్రాయునది.

డిసెంబరులో రెండు వారాలు సెలవు పెట్టి కేరళలోని నెయ్యార్ డ్యాం శివానంద ఆశ్రమంలో యోగా శిబిరానికి వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. ముందుగా ఏయే ఆసనాలు నేర్చుకుని వెళ్లాలని అడిగావు. ఏవీ అక్కరలేదు. ఆసనాలు నేర్పేవారు హైదరాబాదులో వీధికొకరు ఉన్నారు. వాటి కోసమే అయితే తిరువనంతపురం దాకా శబరి ఎక్స్‌ప్రెస్సులో పడి వెళ్లడం దండగ. అక్కడికి వెళ్లేది దినచర్య కోసం. తెల్లవారుజామున 5.20కి గంట కొట్టింది మొదలు రాత్రి 10.30కి దీపాలు ఆర్పే దాకా ఏ వేళకు ఏమి చేయాలో మరొకరు నిర్ణయించి పెట్టి ఉంటారు. ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరి పనులూ నీవే చక్కబెట్టే అలవాటున్న దానివి కనుక, ఇంకొకరు కొట్టిన గంటకు లేచి నడవడం నీకు మొదట్లో చిరాకు తెప్పిస్తుంది. ఆ చిరాకును మూడు నాలుగు రోజులు ఓర్చుకుంటే చాలు.

ఉదయం 6 గంటలకు సత్సంగం, 8 నుంచి 10 వరకు ఆసనాలు, తరువాత భోజనం, 11కి సేవ, 2 గంటలకు ప్రసంగం, 3.30కి మళ్లీ ఆసనాలు, 6కి రెండవ భోజనం, 8కి రాత్రి సత్సంగం. సత్సంగాలు ఎగ్గొట్టి ఆసనాల తరగతులకు మాత్రమే వచ్చేవారు అక్కడ నీకు కనిపిస్తారు. వారితో జట్టు కట్టకు. విష్ణుదేవానంద స్వామి 1978లో ఆ ఆశ్రమాన్ని స్థాపించినప్పుడు ఆసనం, ప్రాణాయామం, విశ్రాంతి, ఆహారం, ధ్యానం అనే ఐదింటినీ ఒకే కట్టుగా పెట్టారు. అందులోంచి ఒక పుల్ల లాగేసుకుని వచ్చేవారికి ఒళ్లునొప్పులు తప్ప పెద్దగా ఏమీ దక్కదు.

ఇప్పటి నుంచే నీవు మొదలుపెట్టవలసిన పని ఒక్కటే ఉంది, అది కాఫీ తగ్గించడం. ఆశ్రమంలో కాఫీ ఉండదు. రోజుకు నాలుగుసార్లు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే, సాధారణంగా 12 నుంచి 24 గంటల లోపున తలనొప్పి మొదలై, రెండవ రోజుకు బాగా ముదిరి, కొందరికి వారం దాటినా వదలదు. దానికి తోడు నిద్రమత్తు, విసుగు. శిబిరంలో మొదటి రెండు మూడు రోజులు తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని, ఈ తిండి నాకు పడలేదనో, ఈ నీళ్లు నాకు సరిపడలేదనో అనుకునే మనవాళ్లలో చాలామందిది నిజానికి కాఫీ జబ్బే. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి మూడుసార్లకు, తరువాత రెండుకు, చివరికి ఉదయం అర గ్లాసుకు దిగి, రైలెక్కేనాటికి పూర్తిగా మానెయ్యి.

తిండి విషయానికి వస్తే, ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు ఉండవు; కారం మన గుంటూరు నాలుకకు ఆనదు. నేల మీద వరుసగా కూర్చుని మౌనంగా తినాలి. ఆవకాయ సీసా మాత్రం పెట్టెలో దాచి తీసుకుపోవద్దు, ఆ వాసన గదంతా చెప్పేస్తుంది. సేవ కింద కూరలు తరగమన్నా, హాలు ఊడ్వమన్నా, వడ్డించమన్నా చెయ్యి. డబ్బు కట్టి వచ్చి చీపురు పట్టడమేమిటని ముఖం మాడ్చుకునేవారు ప్రతి విడతలోనూ ఉంటారు.

నీ ఆరోగ్యం సంగతి. చేరేటప్పుడు నింపే కాగితంలో థైరాయిడ్ మాత్ర సంగతీ మెడనొప్పి సంగతీ దాచకుండా వ్రాయి, తరగతి మొదలయ్యే ముందు ఉపాధ్యాయునికి నోటితో కూడా చెప్పు. మాత్ర పరగడుపున వేసుకోవాలి కనుక 5.20కి లేవగానే మంచినీళ్లతో వేసేసుకుంటే, కడుపులో మరేదైనా పడేలోపు తగినంత వ్యవధి ఉంటుంది. అక్కడ మొదట నేర్పే పన్నెండు ఆసనాలలో శీర్షాసనం మొదటిది. దానికి ముందు భుజాలకు బలం రావడానికి మోచేతులు నేలకు ఆనించి చేసే డాల్ఫిన్ అనే అభ్యాసం చేయిస్తారు. కంప్యూటరు ముందు అరిగిన మెడ నీది. నీవు డాల్ఫిన్ దగ్గరే ఆగిపో. పక్కన అరవై ఏళ్ల విదేశీయురాలు తలకిందులుగా నిలబడినా నీకు పౌరుషం రాకూడదు. రక్తపోటు, కంటిలో నీటికాసులు ఉన్నవారు కూడా దాని జోలికి పోకూడదు. ఉపాధ్యాయులు భంగిమ సరిదిద్దడానికి చెయ్యి వేస్తారు; అది నీకు ఇష్టం లేకపోతే వద్దని మర్యాదగా చెప్పవచ్చు, చెప్పాలి కూడా. ఇక్కడే కాదు, ఎక్కడైనా సరే, యోగా చేస్తున్నావు కదా మందులు మానెయ్యమని చెప్పే గురువు ఎదురైతే సంచి సర్దుకుని వచ్చెయ్యి.

అందరినీ ఎక్కువగా బాధపెట్టేది ఆసనం కాదు, కూర్చోవడం. సత్సంగంలో అరగంట ధ్యానానికి కదలకుండా బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. పదో నిమిషానికి నడుము వంగిపోతుంది, మోకాలు సలుపుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది. మందపాటి దుప్పటిని నాలుగు మడతలు వేసి, తొడల కింద కాకుండా పిరుదుల వెనుక అంచు కిందికి మాత్రమే తోసి కూర్చుంటే, తుంటి పైకి లేచి మోకాళ్లు దానికంటే కిందికి దిగుతాయి, వెన్ను తనంతట తానే నిలబడుతుంది. ఈ కిటుకు ఇంట్లో టీవీ ముందు పది రోజులు సాధన చేసుకుని వెళ్లు.

నీవు ఎంచుకున్న కాలం మంచిదే. జూన్ నుంచి ఒక వానాకాలం, అక్టోబరు నుంచి మరొకటి ఉండే చోటు అది. వానల్లో కొండవాలు దారుల్లో జలగలు పడతాయి, ఉతికిన బట్ట ఆరదు. డిసెంబరు రెండవ సగానికి ఆ బెడద తగ్గుతుంది. శిబిరాలు నెలకు రెండు విడతలుగా, 1వ తేదీన, 16వ తేదీన మొదలవుతాయి కనుక 16కు ఒక రోజు ముందే చేరుకో. భుజాలూ మోకాళ్లూ కప్పే వదులు నూలు బట్టలు, టార్చిలైటు, దోమల మందు, తాళం, పలుచని శాలువా చాలు. ఫోను ఆపేసి పెట్టెలో పెట్టు, అయితే మధ్యాహ్నం ఒక వేళ చెప్పి ఆ వేళకు మాత్రం మీ అమ్మతో మాట్లాడు, లేకపోతే అది నాకు ఫోను చేసి ప్రాణం తీస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు రైలు దిగి నేరుగా ఆఫీసుకు వెళ్లేలా టికెట్టు తీసుకోకు. మధ్యలో కనీసం ఒక రోజు ఇంట్లో ఉండు. ఆశ్రమం దినచర్య మొత్తాన్ని ఫ్లాటులో నడపాలని చూస్తే సంక్రాంతి లోపే విసుగెత్తి అన్నీ వదిలేస్తావు. పొద్దున్నే అరగంట, అదే వేళకు, అదే చోట కేటాయించుకో. ఆ అరగంట ఏ వేళకు నీకు కుదురుతుందో మీ ఆయనతో, పిల్లవాడి స్కూలు బస్సుతో కలిపి ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

ఇట్లు,
పెద్దమ్మ